రేణిగుంట లేత్ మీదికి వచ్చిన ఓడ డాంపర్లు: హ్యాండిల్ మూసింది, రెక్క మూయలేదు

కృష్ణపట్నం రేవుకు బొగ్గు తెచ్చిన ఓ ఓడలో ఇంజిన్ రూం గాలి ఫ్యాన్లు నాలుగు. ఒక్కో ఫ్యాన్ గొట్టంలో ఒక్కో డాంపర్, అంటే గాలి దారిని మూసే రెక్కల మూత. వాటిలో రెండింటిని విప్పి తిరుపతి జిల్లా రేణిగుంట దగ్గరి గాజులమండ్యం పారిశ్రామికవాడలోని వర్క్‌షాప్‌కు తెచ్చారు. మరొకదాన్ని ఓడ మీదే సరిచేశారు. మిగిలినదానికి గ్రీజు చాలింది. ఏది ఎందుకు పాడయింది, ఎలా బయటపడింది, ఏ కొలతతో బాగు చేశారు అన్నది ఈ రాత.

డాంపర్ కొలతలు ముందు చెప్పుకోవాలి. చట్రం లోపలి కొలత 1000 × 1000 ఎంఎం, రేకు మందం 6 ఎంఎం. అడ్డంగా నాలుగు రెక్కలు, ఒక్కోటి 270 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం. పక్క రెక్క మీదికి 20 ఎంఎం ఎక్కి కూర్చుంటుంది. ఒక్కో రెక్కకు 25 ఎంఎం స్పిండిల్ (ఇరుసు), రెండు చివరలా అది తిరిగే బుష్‌లు. అంటే డాంపర్‌కు ఎనిమిది బుష్‌లు. బయట ఒక్కో స్పిండిల్ చివర ఒక చెయ్యి (తిప్పే మీట), చేతులన్నిటినీ కలుపుతూ 30 × 6 ఎంఎం పట్టీ. చెయ్యి, స్పిండిల్ విడిపోకుండా 8 ఎంఎం టేపర్ పిన్ (ఒక చివరకు సన్నబడే పిన్). గాలి సిలిండర్ తెరుస్తుంది. గాలి వదిలేస్తే 12 కిలోల కౌంటర్ వెయిట్ కిందికి దిగి మూస్తుంది. కరెంటు పోయినా, గాలి పోయినా మూతే పడాలన్నది దీని ఆలోచన.

ఈ మూతకు అంత పట్టింపు ఎందుకో ఒక లెక్క చెబుతుంది. ఇంజిన్ రూంలో మంట అదుపు తప్పితే ఆఖరి ఆయుధం కార్బన్ డయాక్సైడ్. కేసింగ్‌తో (పైకి పొగగొట్టం వెళ్లే దారితో) కలిపి 6000 ఘనపు మీటర్ల గది అనుకుందాం. సోలాస్ (ఓడల భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం అందులో 35 శాతం, అంటే 2100 ఘనపు మీటర్ల వాయువు కావాలి. కిలోకు 0.56 ఘనపు మీటర్ల లెక్కన 3750 కిలోలు. 45 కిలోల సిలిండర్లయితే 84. దానిలో 85 శాతం రెండు నిమిషాల్లో గదిలోకి వెళ్లిపోవాలి. ఇది ఒక్కసారికే. రెండోసారి వదలడానికి మిగలదు. నాలుగు రెక్కల్లో రెండు తెరిచే ఉండిపోతే గది నెత్తిన అర చదరపు మీటరు కన్నం ఉన్నట్టు. వేడి గాలి పైకి తన్నుకుంటూ వాయువును తీసుకుపోతుంది, ఆ ఖాళీలోకి కొత్త గాలి దిగుతుంది. ఆరిందనుకున్న మంట మళ్లీ లేస్తుంది. అందుకే గాలి దారులన్నీ బయటి నుంచి మూయగలిగేలా ఉండాలని, తెరిచి ఉందో మూసి ఉందో కనిపించేలా గుర్తు ఉండాలని సోలాస్ అడుగుతుంది.

ఈ ఓడలో గుర్తు ఉంది. ఆ గుర్తే తప్పు చెప్పింది.

లోపం బయటపడిన తీరు

రిమోట్ పరీక్షలో నాలుగు డాంపర్లకూ బయటి సూచిక "మూసి ఉంది" అనే చూపించింది. ఒకటో నంబరు మాత్రం గాలి వదిలాక సగంలో ఆగింది. పక్కన నిలబడ్డ మనిషి చేత్తో కాస్త నెట్టగానే మూసుకుంది. కాగితం మీద నాలుగూ పాస్. ఆ "కాస్త నెట్టడం" ఏ కాగితంలోనూ ఎక్కదు. నిజంగా మంట లేచిన రోజు ఆ చోట నెట్టడానికి మనిషి ఉండడు.

కాబట్టి వెలుగు పరీక్ష చేశారు. ఫ్యాన్ బ్రేకర్ దించి, ఫ్యూజులు తీసి, తాళం వేసి, పేరు రాసిన ట్యాగ్ కట్టాక ఒకరు గొట్టం లోపలికి దిగారు. మరొకరు బయట టార్చి పట్టుకున్నారు. చీకటి పడ్డాక చేస్తే గోరు మందం సందు కూడా దాగదు. రెండో నంబరులో వెలుగు రాలేదు. ఒకటోదానిలో చేత్తో నెట్టి మూశాక రాలేదు. నాలుగోదానిలో కింది రెండు రెక్కల అంచుల వెంట చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా వచ్చింది. మూడోదానిలో మాత్రం కింది రెండు రెక్కలు పూర్తిగా తెరిచే ఉన్నాయి. బయట వాటి చేతులు మూసిన చోట ఉన్నాయి, లోపల రెక్కలు కదలనే లేదు.

మూడో నంబరు చేతులు విప్పితే సంగతి తెలిసింది. కింది రెండు స్పిండిల్‌లు బుష్‌ల్లో తుప్పుతో బిగుసుకుపోయాయి. డాంపర్ కదలనంటే ఎవరో ఎప్పుడో హ్యాండిల్‌కు పైపు తొడిగి లాగారు. మీటరు పొడవు పైపు మీద 50 కిలోల బలం పడితే 490 న్యూటన్ మీటర్లు. రెక్క కదలలేదు, టేపర్ పిన్ తెగింది. పిన్ తెగగానే హ్యాండిల్ హాయిగా తిరిగి ఉంటుంది, పని అయిందనే అనిపించి ఉంటుంది. ఒక చేతిలో తెగిన పిన్ స్థానంలో 4 ఎంఎం వెల్డింగ్ రాడ్ ముక్క దొరికింది, అదీ తెగే ఉంది. వ్యాసం సగమైతే అడ్డకోత వైశాల్యం నాలుగో వంతు, తట్టుకునే బలమూ నాలుగో వంతే.

బిగుసుకుపోయిన కారణం ఇంకో అడుగు వెనక ఉంది. చట్రం కింది గాడిలో నీరు పోవడానికి 12 ఎంఎం కన్నాలు రెండు ఉండాలి. రెండూ రంగుతో, బొగ్గుపొడి ముద్దతో పూడుకుపోయాయి. సముద్రపు తుంపర గాడిలో నిలిచి, కింది రెండు రెక్కల బుష్‌లను నానబెట్టింది. పై రెండు రెక్కల బుష్‌లు బాగానే ఉండటానికి కారణం అదే. గ్రీజు నిపిళ్ల (గ్రీజు ఎక్కించే ముక్కుల) నోళ్ల మీదా రంగు ఉంది. గన్ పెట్టిన మనిషి గ్రీజు నిపిల్ చుట్టూ బయటికి పొంగడం చూసి వెళ్లిందనే అనుకున్నాడు. పాత బుష్‌లు ఇత్తడివి. కోసి చూస్తే లోపల ఎర్రటి మచ్చలు, వేలిగోరుతో గీస్తే పొడి రాలేంత గుల్ల. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి స్పాంజిలా మిగలడం ఇదే.

ఒకటో నంబరు: బలం సరిపోలేదు

ఈ భాగాన్ని కాస్త ఓపికగా చూడాలి. ఎక్కువ ఓడల్లో ఉండే జబ్బు ఇదే, పైకి కనిపించనిదీ ఇదే.

కౌంటర్ వెయిట్ 12 కిలోలు, చెయ్యి పొడవు 350 ఎంఎం. చెయ్యి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు 12 × 9.81 × 0.35, అంటే 41 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం. కానీ ఆ చెయ్యి సమాంతరంగా ఉండేది ప్రయాణం మధ్యలోనే. పూర్తిగా తెరిచినప్పుడు 45 డిగ్రీలు పైకి, పూర్తిగా మూసినప్పుడు 45 డిగ్రీలు కిందికి ఉంటుంది. ఆ రెండు చివరలా మిగిలేది 29 మాత్రమే. తెరిచి నెలలకొద్దీ కదలకుండా ఉన్న స్పిండిల్‌ను మొదట కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, రెక్క అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చునే ఆఖరి క్షణంలో మళ్లీ ఎక్కువ కావాలి. సరిగ్గా ఆ రెండు చోట్లా వెయిట్ బలం తక్కువ.

రాపిడి కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. సిలిండర్ పిన్ తీసి పక్కన పెట్టాలి. కౌంటర్ వెయిట్ ఉన్నచోట గుర్తు గీసి అదీ తీసేయాలి. 300 ఎంఎం హ్యాండిల్ చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి, హ్యాండిల్‌కు లంబంగా మెల్లగా లాగాలి. దారి పొడవునా వచ్చిన అతి పెద్ద అంకె రాసుకోవాలి. ఒకటో నంబరులో 18 కిలోలు వచ్చింది. 18 × 9.81 × 0.3, అంటే 53 న్యూటన్ మీటర్లు. ఉన్న బలం నడిమధ్యన కూడా 41. కదిలించే దెబ్బకు సగం దాకా వచ్చి ఆగిందంటే ఆశ్చర్యం లేదు.

గాలి సిలిండర్ మాత్రం ఈ బిగుతును లెక్కచేయదు. 63 ఎంఎం బోర్, 6 బార్ గాలి: సుమారు 1870 న్యూటన్లు. 150 ఎంఎం చేతి మీద 280 న్యూటన్ మీటర్లు. తెరవడం ఎప్పుడూ గట్టిగా, చప్పుడుతో జరుగుతుంది. దాన్ని చూసి డాంపర్ బాగుందనుకుంటారు. తెరిచే బలానికీ మూసే బలానికీ ఏడు రెట్ల తేడా ఉన్న యంత్రాన్ని తెరిచి చూసి పరీక్షించకూడదు.

విప్పడం, తరలించడం

మూడు, నాలుగు నంబర్ల డాంపర్లు విప్పే ముందు రెండు పనులు తప్పవు. ఆ రెండు ఫ్యాన్ల కరెంటుకు తాళం వేయాలి. ఖాళీ అయ్యే గొట్టం నోళ్లకు 6 ఎంఎం రేకు మూతలు గాస్కెట్‌తో బోల్ట్ చేయాలి. మూత లేకుండా డాంపర్ తీసుకుపోతే అది తిరిగి వచ్చేదాకా కార్బన్ డయాక్సైడ్ వ్యవస్థ ఉన్నా లేనట్టే. రేవులో ప్రధాన ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి జనరేటర్లకు మిగతా రెండు ఫ్యాన్లు చాలాయి. నడి సముద్రంలో రెండు ఒకేసారి విప్పడం సాధ్యపడేది కాదు. క్లాస్ (ఓడకు ప్రమాణపత్రం ఇచ్చే సంస్థ) సర్వేయర్‌కు ముందే చెప్పి చేశారు. విదేశీ ఓడ నుంచి సామాను దించి బాగు చేసి తిరిగి ఎక్కించాలంటే కస్టమ్స్ అనుమతి, గేట్ పాస్ కావాలి. సగం రోజు దానికే పోయింది, ప్రణాళికలో ఆ సగం రోజు లెక్క వేసుకోవడం మంచిది.

చట్రం లారీలో మెలి తిరగకుండా మూలల మధ్య రెండు యాంగిల్ ముక్కలు అడ్డంగా బోల్ట్ చేశారు. ప్రతి రెక్కకూ, స్పిండిల్‌కూ, చేతికీ సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టారు: ఒకటో రెక్కకు ఒకటి, రెండోదానికి రెండు. సుద్దతో రాస్తే బ్లాస్టింగ్‌లో (గరుకు పొడి చిమ్మి తుప్పు వదిలించడంలో) పోతుంది. గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు మూడు గంటల దారి.

వర్క్‌షాప్‌లో

బిగుసుకున్న స్పిండిల్ చివర సుత్తితో కొడితే చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక బుష్‌లోంచి బయటికి రాదు. తుప్పు వదిలించే నూనె రాత్రంతా పట్టించి, బుష్ చుట్టూ ఉన్న బాస్‌ను (బుష్ కూర్చునే ఉక్కు గూడును) మాత్రమే గ్యాస్ మంటతో వేడి చేసి, ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి తట్టాలి. స్పిండిల్‌ను వేడి చేస్తే అది వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది. రెండు డాంపర్ల ఎనిమిది స్పిండిల్‌లలో ఆరు ఇలా వచ్చాయి. రెండింటిని కోసి తీయాల్సి వచ్చింది.

కొత్త స్పిండిల్‌లకు 25 ఎంఎం ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీల్) కడ్డీ. బుష్‌లకు ఎల్‌జీ2 గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన మిశ్రలోహం), రెండు డాంపర్లకు పదహారు: బయటి వ్యాసం 36, పొడవు 40, లోపల 3 ఎంఎం వెడల్పు గ్రీజు గాడి. ఉక్కు రెక్కకు స్టెయిన్‌లెస్ స్పిండిల్ పెడితే రెక్క తొందరగా తినేస్తుందన్న అనుమానం సహజమే. చిన్న స్టెయిన్‌లెస్ ముక్క, పెద్ద ఉక్కు పలక అయినప్పుడు ఆ ప్రభావం పరచుకుని పలచబడుతుంది. రెండింటికీ కలిపి రంగు వేస్తే చాలు. పెద్ద స్టెయిన్‌లెస్ పలకలో మామూలు ఉక్కు బోల్ట్ పెట్టడమే అసలు ప్రమాదం.

బుష్ లోపలి కొలత దగ్గర చర్చ వచ్చింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా లేత్‌ల మీద ఎండాకాలమంతా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పల్పర్ షాఫ్టులే నడుస్తాయి. అక్కడ 0.05 ఎంఎం వదులు అంటేనే ఎక్కువ. ఇక్కడ 0.3 ఎంఎం అడిగితే టర్నర్‌కు మనసొప్పలేదు.

"ఇంత లూజు పెడితే కొట్టుకుంటాదేమో అన్నా."

"ఇది తిరిగే షాఫ్ట్ కాదు తమ్ముడూ. ఎప్పుడో ఒకసారి పావు చుట్టు తిరిగేది. ఉప్పు చేరినా, రంగు పడినా, వేడికి ఉబ్బినా అది కదలాల."

పల్పర్ షాఫ్ట్ నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది, దానికి బిగువే ఆయుష్షు. డాంపర్ స్పిండిల్ ఏడాది మొత్తానికి కొద్ది చుట్లే తిరుగుతుంది, దానికి వదులే ఆయుష్షు. బుష్‌ను బాస్‌లోకి 0.03 ఎంఎం బిగువుతో ప్రెస్ చేశారు. ప్రెస్ చేశాక లోపలి వ్యాసం కొంత కుంచించుకుంటుంది కాబట్టి 25.3కు రీమర్ (కన్నాన్ని కొలతకు చెక్కే పనిముట్టు) ఆ తర్వాతే పట్టించారు. ఎదురెదురు బుష్‌లు ఒకే గీతలో ఉన్నాయో లేదో ఒకే పొడవాటి కడ్డీని రెండింట్లోంచీ దూర్చి చూశారు. కడ్డీ వేళ్లతో తిరగాలి.

నాలుగో నంబరు కింది రెండు రెక్కలు 5 ఎంఎం నుంచి అంచుల్లో 2 ఎంఎంకు దిగాయి, సుత్తి తడితే చిల్లు పడింది. అతుకు వేయడం కుదిరేదే. కానీ పలచబడిన రేకు మీద అతుకు వేస్తే వేడికి వంగి రెక్క ఆనే చోట సందు వస్తుంది. రెండూ కొత్తవే కోశారు, ప్లేటుకు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌తో సహా. గాల్వనైజింగ్ మంచి ఆలోచనే, అయితే కరిగిన జింకు వేడికి 5 ఎంఎం రెక్క వంకర తిరిగే ప్రమాదం ఉంది, సరిచేసే సమయం లేదు. అందుకే మంచినీటితో ఉప్పు కడిగి, ఎస్ఏ 2.5 (తుప్పు దాదాపు పూర్తిగా పోయే స్థాయి) దాకా బ్లాస్ట్ చేసి, ఎపాక్సీ రెండు పూతలు, ఒక్కోటి 125 మైక్రాన్లు. రెక్క ఆనే పట్టీ మీద మాత్రం ఒక్క పలుచని పూత. అక్కడ మందంగా వేస్తే రంగే రెక్కను ఆపుతుంది.

రంగుకు రేవు కంటే రేణిగుంట గాలి నయం, తేమ తక్కువ. కానీ ఇక్కడి మే నెల ఎండలో మధ్యాహ్నం ఉక్కు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు స్ప్రే చేస్తే రంగు పలకను చేరేలోపే ఎండి పొడిలా అతుకుతుంది, కలిపిన డబ్బా తొందరగా గడ్డకడుతుంది. పూతలు రెండూ తెల్లవారుజామునే, షెడ్ నీడలో వేశారు.

టేపర్ పిన్‌లు ఎస్ఎస్ 316, 8 ఎంఎం, 1:50 వాలు. రెక్కను పూర్తిగా మూసి, చేతిని మూసిన గుర్తుకు పెట్టి, ఆ స్థితిలోనే కన్నం వేసి రీమర్ పట్టాలి. చేతిలోని పాత కన్నంలోనే కొత్త పిన్ కొడితే వదులు మిగిలిపోతుంది, కాబట్టి 90 డిగ్రీలు పక్కకు కొత్త కన్నం. ఇక ఈ పనిలో ఖర్చు లేనిదీ అన్నిటికంటే విలువైనదీ ఒకటుంది. ప్రతి స్పిండిల్ బయటి చివర, రెక్క ఉన్న దిక్కుకే, హ్యాక్సాతో 2 ఎంఎం లోతు గీత కోశారు. చెయ్యి ఎటు ఉన్నా సరే, రెక్క ఎటు ఉందో ఆ గీత చెబుతుంది. మూడో నంబరుకు ఈ గీతలు మొదటి నుంచీ ఉండి ఉంటే పిన్ తెగిన రోజే దొరికేది.

అంచుల్లో తాడు సీల్ అడిగారు. డ్రాయింగులో లేదు, రెక్క ఉక్కు మీద ఉక్కే ఆనాలి, కాబట్టి పెట్టలేదు. పెట్టాల్సిన డాంపర్లయినా సీల్ ఆస్బెస్టాస్ కాదని రాతపూర్వకంగా తీసుకోవాలి. 2011 జనవరి 1 నుంచి ఓడల్లో కొత్తగా ఆస్బెస్టాస్ బిగించడాన్ని సోలాస్ నిషేధించింది.

తిరిగి బిగించాక

వర్క్‌షాప్ బల్ల మీద మూడో నంబరు స్ప్రింగ్ త్రాసులో 4 కిలోలు చూపింది, 12 న్యూటన్ మీటర్లు. ఓడ మీద బోల్ట్‌లు బిగించాక అదే డాంపర్ 9 కిలోలకు వెళ్లింది. తేడా మూలలో ఉంది. డెక్ గొట్టం ఫ్లాంజ్ సమంగా లేదు. బిగించేసరికి చట్రం మూల నుంచి మూలకు 4 ఎంఎం లాగబడి కింది రెక్క పక్క గోడకు రాసుకుంది. బోల్ట్‌లు సడలిస్తే మళ్లీ 4. ఆ మూలలో ప్యాకింగ్ వేసి, ఎదురెదురు బోల్ట్‌లు కొంచెం కొంచెంగా బిగించాక 4 దగ్గరే నిలిచింది. బల్ల మీద కొలిచి సంతృప్తి పడితే ఈ లోపం ఓడతోపాటే వెళ్లిపోయేది.

తర్వాత పరీక్షలు. సూచికను చూడకుండా స్పిండిల్ గీతలు చూశారు, ఎనిమిదీ ఒకే దిక్కు. రాత్రి వెలుగు పరీక్షలో చుక్క కూడా రాలేదు. రెక్క అంచుల్లో 0.5 ఎంఎం ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరలేదు. ఓడలోని ఫైర్ స్టేషన్ (మంటలార్పే పరికరాలు నడిపే గది) నుంచి గాలి వదిలి మూడుసార్లు మూశారు, ఎవరూ దగ్గర నిలబడకుండా. ఫ్లాంజ్ అతుకు మీద 12 ఎంఎం నాజిల్‌తో, 2 బార్ ఒత్తిడితో, మీటరున్నర దూరం నుంచి నీళ్లు కొట్టి చూశారు. ఫ్యాన్ తిరుగుతుండగా మూయడం పరీక్షలో చేర్చలేదు, చేర్చకూడదు కూడా. ముందు ఫ్యాన్ ఆగాలి, ఇంపెల్లర్ నిలవాలి, ఆ తర్వాతే మూత. లేకపోతే గాలి తోపు రెక్క మీద పడి వెయిట్‌ను ఓడిస్తుంది.

కౌంటర్ వెయిట్ చేతిని 15 డిగ్రీలు తిప్పి బిగిస్తే మూసే చివర బలం 29 నుంచి 36కు పెరుగుతుందన్న ప్రస్తావన వచ్చింది. లెక్క సరైనదే. కానీ తెరిచిన చివర 21కి పడిపోతుంది. పైగా మంట వేళ పనిచేయాల్సిన పరికరం జ్యామితిని క్లాస్ ఆమోదం లేకుండా మార్చరు. బుష్‌లు బాగుంటే ఉన్న బలమే చాలు.

ఆపై కాలపట్టిక. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ (ఐఎంఓ) ఎంఎస్సీ.1 సర్క్యులర్ 1432 ప్రకారం ఫైర్ డాంపర్లన్నిటినీ మూడు నెలలకోసారి అక్కడికక్కడ, ఏడాదికోసారి రిమోట్‌తో నడిపి చూడాలి. అది కనీసం. బొగ్గు మోసే ఓడకు నెలకోసారి గ్రీజు అవసరం: నీటికి కొట్టుకుపోని కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు, బుష్ రెండో వైపు నుంచి పాతది నల్లగా బయటికి వచ్చేదాకా. బయటికి రాకపోతే నిపిల్ విప్పి దారి శుభ్రం చేయాలి, ఇంకో నాలుగు స్ట్రోకులు కొట్టి ఊరుకోకూడదు. బొగ్గు దించిన ప్రతిసారీ నీటి కన్నాల్లో తీగ దూర్చాలి. రంగు వేసే ముందు నిపిళ్లకు, స్పిండిల్ గీతలకు, కన్నాలకు టేపు అంటించాలి. స్ప్రింగ్ త్రాసు అంకె మూడు నెలలకోసారి లాగ్‌లో తేదీతో పడాలి, "బాగుంది" అన్న మాట కాదు.

ఒకటో నంబరును విప్పే సమయం లేకపోయింది. బుష్‌ల్లో డీజిల్ పోసి కడిగి, ముందుకీ వెనక్కీ వంద సార్లు తిప్పి, కొత్త గ్రీజు ఎక్కిస్తే 18 నుంచి 7 కిలోలకు దిగింది, 21 న్యూటన్ మీటర్లు. వెయిట్ చివర బలం 29 కాబట్టి మూసుకుంటోంది. కానీ మిగిలిన ఆసరా 8 మాత్రమే. దీన్ని నెలనెలా కొలవాలని, 9 కిలోలు చూపిన నెలలోనే బుష్‌లు మార్చాలని రాసిచ్చారు. ఆ డాంపర్‌కు సరిపడే ఎనిమిది గన్‌మెటల్ బుష్‌లను లోపలి వ్యాసం 25 కంటే తక్కువగా, రీమర్‌కు మెటల్ వదిలి తిప్పి, నూనె కాగితంలో చుట్టి, రీమర్‌తో సహా ఓడ స్టోర్‌కు పంపారు.